నాలుగో మాట

మా ఊళ్ళో గుడ్ ఫ్రైడే ఆరాధన మధ్యాహ్నం పన్నెండింటికి మొదలై మూడింటికి ముగిసేది. యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు లేచి వాక్యం చెప్పేవాళ్ళు. నేను తొమ్మిదో తరగతిలో ఉన్న ఏడాది నాలుగో మాట నాకు ఇచ్చారు. దాన్ని తీసుకోవడానికి పెద్దవాళ్ళు వెనకాడతారని నాకప్పుడు తెలియదు. మొదటి మాట క్షమాపణ, రెండోది దొంగకు పరదైసు, ఆరోది ‘సమాప్తమైనది’. వీటి మీద ఎంతసేపైనా మాట్లాడొచ్చు. నాలుగోది మాత్రం ‘ఏలీ, ఏలీ, లామా సబక్తానీ’. నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి?

దేవుని కుమారుణ్ణి దేవుడు చెయ్యి విడవడం ఏమిటని సండే స్కూల్లో అడిగాను. ఇలాంటి ప్రశ్నలు సైతాను పుట్టిస్తాడని చెప్పి నన్ను కూర్చోబెట్టారు. ఇంటికొచ్చి నాయనమ్మను అడిగాను. ఆమె బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే, “తిరునాళ్ళలో అమ్మ చెయ్యి వదిలేస్తే పిల్లోడు ఎట్లా ఏడుస్తాడు? అట్లా ఏడ్చాడు నాయనా” అంది. అక్షరాలు బైబిల్లోనే నేర్చుకున్న మనిషి ఆమె. ఆ ఏడాది నేను ఆమె మాటే చెప్పి కూర్చున్నాను.

చాలా ఏళ్ళ తర్వాత, సువార్తలు రాసిన గ్రీకు భాష కొంచెం నేర్చుకున్నాక ఒక సంగతి తెలిసింది. మూలంలో ‘చెయ్యి’ లేదు. ‘నన్ను ఎందుకు విడిచిపెట్టావు’ అని మాత్రమే ఉంది. ఈ కేక పాత నిబంధనలోని 22వ కీర్తన మొదటి వాక్యం. అక్కడ మన తెలుగు బైబిలు ‘ఏల విడనాడితివి’ అంటుంది. అదే మాట సువార్తలోకి వచ్చేసరికి మన అనువాదకులు ఒక చేతిని చేర్చారు. నాయనమ్మకు తిరునాళ్ళు గుర్తొచ్చింది ఆ చేతి వల్లే.

ఇంకో సంగతి తెలియడానికి గ్రీకు కూడా అక్కర్లేదు. ఆ ఏడు మాటలు యేసు జీవితం చెప్పే నాలుగు సువార్తల్లో ఏ ఒక్కదానిలోనూ కలిసి లేవు. మార్కులో యేసు సిలువ మీద పలికింది ఒక్కటే వాక్యం, అదే ఈ నాలుగో మాట. ఆ తర్వాత గొప్ప కేక వేసి ప్రాణం విడుస్తాడు. మత్తయిలోనూ అంతే. లూకాలో ఈ మాట లేదు. దాని బదులు వేరే మూడు ఉన్నాయి: ‘తండ్రీ, వీరిని క్షమించుము’, దొంగకిచ్చిన మాట, చివరగా ‘నా ఆత్మను నీ చేతికప్పగిస్తున్నాను’. యోహానులో ఇంకో మూడు: తల్లిని శిష్యుడికి అప్పగించడం, ‘దప్పిగొనుచున్నాను’, ‘సమాప్తమైనది’. మార్కు చూపించే మనిషి దిక్కులేక అరుస్తూ చనిపోయాడు. లూకా చూపించే మనిషి ప్రశాంతంగా, పక్కవాడికి ధైర్యం చెబుతూ పోయాడు. యోహాను చూపించే మనిషి పని పూర్తిచేసుకుని తల వంచాడు. ముగ్గుర్నీ కలిపి ఒకే మధ్యాహ్నంలోకి సర్దేసరికి ముగ్గురి గొంతుల్లో ఏదీ మనకు సరిగ్గా వినబడదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. యేసు అనే చారిత్రక మనిషి మనకు ఎక్కువగా కనబడేది, ఆయన గురించి రాసినవాళ్ళు ఇబ్బంది పడిన చోట్ల. ఒకరు సూటిగా రాసింది ఇంకొకరు సర్దితే, మూడోవారు వదిలేస్తే, ఆ చోట ఆగి చూడాలి. మన దగ్గర ఒకవైపు ఇలా చూడటమే పాపమనేవాళ్ళు, ఇంకోవైపు అసలు యేసే లేడనేవాళ్ళు. ఇద్దరూ ఆ చోట ఆగరు.

సువార్తల కాలం గురించి ముందు చెప్పాలి. యేసు చనిపోయింది క్రీ.శ. 30 ప్రాంతంలో, లేదా 33లో. మార్కు సువార్త 70వ సంవత్సరం అటూ ఇటూగా, అంటే రోమా సైన్యం యెరూషలేము దేవాలయాన్ని తగలబెట్టిన రోజుల్లో వచ్చిందని ఎక్కువమంది పండితుల అంచనా. మత్తయి, లూకా ఆ తర్వాత పది ఇరవై ఏళ్ళకు, యోహాను శతాబ్దం చివరికి. నాలుగింటిలోనూ రచయిత తన పేరు చెప్పుకోడు. ఇప్పుడు మనం చూసే పేర్లు తర్వాత చేరినవి. మత్తయి, లూకా ఇద్దరి ముందూ మార్కు ప్రతి ఉంది. మార్కులోని కథల్ని అదే వరుసలో, చాలాచోట్ల అవే గ్రీకు మాటల్లో వాళ్ళు తిరిగి రాశారు. కాబట్టి మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఎవరు ఏం మార్చారో కళ్ళారా చూడొచ్చు.

నజరేతు సంఘటన తీసుకోండి. యేసు సొంత ఊరికి వెళ్ళి సమాజమందిరంలో బోధిస్తే ఊరివాళ్ళు, ‘ఇతడు వడ్లవాడు కాడా? మరియ కుమారుడు కాడా?’ అంటారు. ఇది మార్కు ఆరో అధ్యాయం. మత్తయి దగ్గరకు వచ్చేసరికి అది ‘వడ్లవాని కుమారుడు కాడా?’ అయింది. చేతిలో ఉలి పట్టుకున్న మనిషి ఒక తరం వెనక్కి జరిగాడు. గ్రీకు మాట ‘టెక్టోన్’. కర్రపని, రాతిపని, ఇళ్ళు కట్టే పని చేసేవాడు. రెండో శతాబ్దంలో కెల్సుస్ అనే తత్త్వవేత్త, ఒక వడ్రంగిని దేవుడంటారా అని క్రైస్తవుల్ని ఎగతాళి చేశాడు. దానికి మూడో శతాబ్దంలో ఒరిజెన్ జవాబు రాశాడు. ఆ కాలపు క్రైస్తవుల్లో ఆయనంత చదువుకున్నవాడు లేడు. ఆయన ఇచ్చిన జవాబు: సంఘాల్లో చదివే సువార్తల్లో ఎక్కడా యేసే స్వయంగా వడ్రంగి అని లేదు. మార్కులో ఉంది! ఆయన దగ్గరున్న ప్రతిలో ఆ మాట మారిపోయి ఉండొచ్చు, లేదా ఆయనకు గుర్తు రాకపోయి ఉండొచ్చు. ఎలా చూసినా కూలిపని చేసిన దేవుడు ఆ పెద్దమనుషుల లోకానికి మింగుడు పడలేదు.

ఇక్కడ నాకు మా వాళ్ళు గుర్తొస్తారు. 1876లో మొదలైన ధాత కరువు తర్వాత ఒంగోలు చుట్టుపక్కల పల్లెల నుంచి వేలమంది క్రైస్తవ సంఘంలో చేరారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. తోలు పని, కూలి పని చేసి బతికినవాళ్ళు. కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్విన చేతులు అవి. మా నాయనమ్మ ముత్తాతల తరం ఆ గుంపుల్లోనిదే. వాళ్ళకు ‘వడ్లవాడు కాడా’ అన్న మాట అవమానంగా వినబడి ఉండదు. మత్తయి సర్దిన దాన్ని మార్కు అలాగే ఉంచినందుకు నేను ఆయనకు రుణపడి ఉన్నాను.

అదే కథలో ఇంకొంచెం ముందుకు వెళ్తే, ఆ ఊళ్ళో యేసు ఏ అద్భుతమూ చేయలేకపోయాడని, కొద్దిమంది రోగుల మీద చేతులుంచి బాగుచేశాడు తప్ప అని మార్కు రాస్తాడు. మత్తయి దాన్ని ‘ఎక్కువ అద్భుతాలు చేయలేదు’ అని మార్చాడు. చేయలేకపోవడం వేరు, చేయకపోవడం వేరు కదా. మూడో అధ్యాయంలో ఆయన సొంతవాళ్ళే ‘మతి చలించింది’ అనుకుని ఆయన్ని పట్టుకుపోవడానికి వస్తారు. ఆ వాక్యాన్ని మత్తయి, లూకా ఇద్దరూ ఎత్తేశారు.

వీటన్నిటికంటే ఎక్కువసేపు ఆగాల్సింది యొర్దాను నది దగ్గర. అక్కడ బాప్తిస్మమిచ్చే యోహాను (సువార్త యోహాను కాదు, వేరే మనిషి) ఇచ్చిన బాప్తిస్మం పాపక్షమాపణ కోసం, మారుమనస్సు కోసం. అందులో యేసు కూడా మునిగాడని మార్కు ఏ సంజాయిషీ లేకుండా రాసేశాడు. మత్తయికి అది ఇబ్బంది అనిపించింది. అందుకని అక్కడ ఒక సంభాషణ వచ్చింది. ‘నేనే నీచేత తీసుకోవాలి, నువ్వు నా దగ్గరికి రావడమేంటి’ అని యోహాను అడ్డుకుంటాడు, యేసు ఒప్పిస్తాడు. లూకా ఇంకో దారి పట్టాడు. యోహాను చెరసాల పాలైన సంగతి ముందే చెప్పేసి, ఆ తర్వాత యేసు బాప్తిస్మాన్ని ఒక్క వాక్యంలో, ఎవరిచ్చారో చెప్పకుండా దాటేశాడు. నాలుగో సువార్తలోనైతే బాప్తిస్మమే లేదు. యోహాను కేవలం సాక్షి. ‘ఇదిగో దేవుని గొఱ్ఱెపిల్ల’ అని వేలు చూపించే మనిషి. తర్వాతి కాలపు ఒక సువార్త నుంచి బైబిలు పండితుడు జెరోము ఎత్తిరాసిన భాగంలో యేసే, ‘నేనేం పాపం చేశానని వెళ్ళి అతని చేత బాప్తిస్మం పొందాలి?’ అని అడుగుతాడు.

ఇంత ఇబ్బంది ఎందుకు? యోహాను చిన్న మనిషి కాదు. యూదు చరిత్రకారుడు జోసెఫస్ 93, 94 ప్రాంతంలో రాసిన చరిత్రలో ఆయనకు చోటుంది. జనం విపరీతంగా గుమికూడుతుంటే తిరుగుబాటు వస్తుందని భయపడి గలిలయ పాలకుడు హేరోదు అంతిప ఆయన్ని మకేరస్ కోటకు పంపి చంపించాడని అక్కడ ఉంది. ఆయన చనిపోయాకా శిష్యులు మిగిలారు. అపొస్తలుల కార్యాలు పందొమ్మిదో అధ్యాయంలో ఎఫెసు పట్టణంలో అపొస్తలుడు పౌలుకు సుమారు పన్నెండు మంది కనబడతారు. వాళ్ళకు తెలిసింది యోహాను బాప్తిస్మం ఒక్కటే. ఇలాంటివాళ్ళు పక్కనే ఉన్నప్పుడు ‘మీ గురువు మా గురువు చేతిలో మునిగినవాడే కదా’ అన్న మాట వినబడుతూనే ఉంటుంది. ఆ రోజుల్లో ఈ సంఘటనను కల్పించాల్సిన అవసరం ఏ క్రైస్తవుడికీ లేదు. అది జరిగింది కాబట్టే వదిలించుకోలేకపోయారు. అందుకే యేసు యోహాను దగ్గర మొదలుపెట్టాడన్నది ఆయన జీవితంలో మనకు దొరికే గట్టి నేలల్లో ఒకటి.

ఇప్పుడు ‘యేసే లేడు’ అనే వాదానికి వస్తాను. వాట్సాప్ గ్రూపుల్లో, యూట్యూబ్‌లో ఇది తరచూ తిరుగుతుంటుంది. దీనికి జవాబుగా రోమా చరిత్రకారుడు టాసిటస్‌ను తేవడం మనవాళ్ళకు అలవాటు. తిబెరి కైసరు కాలంలో రోమా అధిపతి పొంతి పిలాతు చేతిలో క్రీస్తు మరణశిక్ష పొందాడని ఆయన 116 ప్రాంతంలో రాసిన మాట నిజమే. 1961లో కైసరయలో పిలాతు పేరున్న శిలాశాసనం బయటపడిన మాటా నిజమే. కానీ నాకు వీటికంటే పెద్ద సాక్ష్యం గలతీయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయం. యేసు చనిపోయిన పాతికేళ్ళ లోపే పౌలు దాన్ని రాశాడు. అక్కడ ఆయన గొప్పలు చెప్పుకోవడం లేదు, తగాదాలో ఉన్నాడు. తన సువార్త యెరూషలేము పెద్దల దగ్గర అరువు తెచ్చుకున్నది కాదని నిరూపించుకోవాలి. అందుకని వాళ్ళతో పరిచయాన్ని వీలైనంత తగ్గించి చెబుతాడు. మూడేళ్ళ తర్వాత వెళ్ళాను, కేఫా (అంటే పేతురు) దగ్గర పదిహేను రోజులే ఉన్నాను, ఇంకెవర్నీ చూడలేదు, ప్రభువు సహోదరుడైన యాకోబును తప్ప. ఆ వెంటనే, దేవుని ఎదుట అబద్ధమాడటం లేదని ఒట్టు పెట్టుకుంటాడు.

తన వాదనకు నష్టమని తెలిసీ దాచలేక చెప్పిన మాట అది. ఆ యాకోబును 62లో ప్రధాన యాజకుడు రాళ్ళతో కొట్టించి చంపించాడని జోసెఫస్ వేరే చోట రాశాడు, ‘క్రీస్తు అని పిలిచే యేసుకు సహోదరుడు’ అని గుర్తు చెప్పి మరీ. జోసెఫస్ పుస్తకంలోనే యేసు గురించి ఇంకో పెద్ద పేరా ఉంది. అందులో క్రైస్తవ లేఖకుల చేతివాటం స్పష్టంగా కనబడుతుంది కాబట్టి దాన్ని నేను వాడను. ఈ చిన్న ప్రస్తావన చాలు. కల్పిత పాత్రకు తమ్ముడు ఉండడు. ఆ తమ్ముడితో పౌలు ముఖాముఖి కూర్చోడు.

యేసు భారతదేశం వచ్చి చదువుకున్నాడన్న కథ కూడా మన దగ్గర బాగా నడుస్తుంది. దానికి మూలం 1894లో నోటోవిచ్ అనే రష్యన్ రాసిన పుస్తకం. లదాఖ్‌లోని హెమిస్ మఠంలో ఒక ప్రాచీన గ్రంథం చూశానన్నాడు. మరుసటి ఏడాదే ఆగ్రాలో పనిచేసే ఒక ప్రొఫెసర్ హెమిస్ వెళ్ళి అడిగితే, అలాంటి గ్రంథమే లేదని మఠాధిపతి చెప్పాడు. ఇంతకుమించి దీని మీద సమయం పెట్టక్కర్లేదు.

ఇలా చూడటమే పాపమనే ఇంకోవైపు వాళ్ళతో మాట్లాడటమే నాకు కష్టం, ఎందుకంటే వాళ్ళు నా వాళ్ళు. సువార్తల మధ్య తేడాలు చూపిస్తే వాళ్ళ ముఖాల్లో టెన్షన్ కనబడుతుంది. వాళ్ళకు నేను చెప్పేది, ఈ తేడాల్ని మన కోసం భద్రపరిచింది సంఘమే అని. 170 ప్రాంతంలో తతియాను అనే సిరియా క్రైస్తవుడు నాలుగు సువార్తలనూ కలిపి ఒకే కథగా అల్లాడు. ఎక్కడా గొడవ లేని, నున్నటి కథ. సిరియా సంఘాలు తరాల తరబడి దాన్నే చదివాయి. ఐదో శతాబ్దంలో థియోడొరెట్ అనే బిషప్ తన ప్రాంతంలో ఆ పుస్తకం ప్రతులు రెండు వందలకు పైగా దొరికితే అన్నీ తీయించేసి, వాటి స్థానంలో నాలుగు సువార్తలు పెట్టించాడు. ఒకే గొంతుతో మాట్లాడే పుస్తకం చేతిలో ఉండగా, నాలుగు గొంతుల్ని కావాలని ఎంచుకున్నారు. మనం క్రిస్మస్ నాటకంలో లూకా గొర్రెల కాపరుల్నీ మత్తయి జ్ఞానుల్నీ ఒకే పశువుల పాక ముందు నిలబెడుతున్నప్పుడు, గుడ్ ఫ్రైడే నాడు ఏడు మాటలు వరుసగా పేరుస్తున్నప్పుడు, తతియాను పనే మళ్ళీ చేస్తున్నాం.

పుట్టుక కథనే చూడండి. మత్తయి ప్రకారం యేసు పుట్టింది హేరోదు రాజు (అంతిప తండ్రి) బతికుండగా. ఆ హేరోదు క్రీ.పూ. 4లో చనిపోయాడు. లూకా చెప్పే జనాభా లెక్క, కురేనియు అనే రోమా అధికారి సిరియాకు అధిపతిగా ఉన్నప్పటిది. ఆ లెక్క జరిగింది క్రీ.శ. 6లో. మధ్యలో దాదాపు పదేళ్ళ దూరం. ఇద్దరికీ తెలిసింది ఒకటుంది: ఆయన్ని అందరూ నజరేతువాడనే పిలిచేవారు. ఇద్దరికీ కావలసింది ఒకటుంది: దావీదు ఊరు బేత్లెహేము. నజరేతు మనిషిని బేత్లెహేములో పుట్టించడానికి ఇద్దరూ రెండు వేర్వేరు దారులు వేశారు. మత్తయి బేత్లెహేము ఇంటి నుంచి ఐగుప్తుకు, అక్కడినుంచి నజరేతుకు తీసుకెళ్తే, లూకా నజరేతు నుంచి బేత్లెహేముకు, మళ్ళీ నజరేతుకు తీసుకొచ్చాడు. నజరేతు పేరు ఎవరికీ గొప్ప తెచ్చేది కాదు. నాలుగో సువార్తలో నతనయేలు, నజరేతులో నుంచి మంచిదేదైనా రాగలదా అని అడిగేశాడు కూడా. అందుకే ఆయన నజరేతువాడే అని నమ్మొచ్చు.

ఇలా చదవడం నేర్పినవాళ్ళు దానికి మూల్యం చెల్లించారు. హాంబర్గ్‌లో పాఠాలు చెప్పుకునే రైమారుస్ సువార్తల మీద తాను రాసింది బతికున్నంతకాలం అచ్చు వేయడానికి ధైర్యం చేయలేదు. 1768లో ఆయన పోయాక లెస్సింగ్ అనే జర్మన్ సాహిత్యకారుడు, రాసినవాడి పేరు చెప్పకుండా కొన్ని భాగాలు బయటపెట్టాడు. 1835లో డేవిడ్ స్ట్రౌస్ ఇరవై ఏడేళ్ళ వయసులో యేసు చరిత్ర రాసి ట్యూబింగెన్‌లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1839లో జూరిక్ విశ్వవిద్యాలయం పిలిచింది కానీ ఊరంతా గోల చేస్తే, ఒక్క పాఠమైనా చెప్పకముందే పింఛను ఇచ్చి వదిలించుకున్నారు. ఆల్బర్ట్ ష్వైట్జర్ 1906లో ఈ ప్రయత్నాలన్నిటినీ తూకం వేసి, ప్రతి తరమూ తన ఆలోచనల్నే యేసులో చూసుకుందని తేల్చాడు. లోకాంతం తన తరంలోనే వస్తుందని ఎదురుచూసిన యూదు ప్రవక్తగా ఆయనకు యేసు కనబడ్డాడు. ఇక్కడ నిలబడినవారిలో కొందరు దేవుని రాజ్యం బలంతో రావడం చూసేదాకా చావరని మార్కు తొమ్మిదో అధ్యాయంలో యేసు అంటాడు. థెస్సలొనీకయులకు రాస్తూ పౌలు, ప్రభువు వచ్చేనాటికి ‘సజీవులమై నిలిచియుండు మనము’ అంటాడు. ఆ తరం వెళ్ళిపోయింది. నాలుగో సువార్త చివరి అధ్యాయంలో, ఫలానా శిష్యుడు చావడని యేసు అనలేదని వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. అదీ ఒక తడబాటే. దాన్ని చూసి నేను చిన్నబుచ్చుకోను. ఆశ పెట్టుకుని, అది ఆలస్యమై, అయినా విడవని మనుషులు ఆ పేజీలో నాకు కనబడతారు.

కానీ సర్దుబాట్లన్నీ ఇలా అమాయకమైనవి కావు. ఒకటి మాత్రం నన్ను నిద్రపోనివ్వదు. పిలాతు విషయం. సిలువ రోమా శిక్ష. 1968లో యెరూషలేము ఉత్తరాన ఒక సమాధిలో యెహోహానాన్ అనే మనిషి మడమ ఎముక దొరికింది. ఇనుప మేకు అందులో ఇంకా దిగే ఉంది. అలా మేకులు కొట్టే అధికారం రోమా అధిపతిది. పిలాతు దయలేని మనిషని అదే శతాబ్దపు యూదు రచయితలు ఫిలో, జోసెఫస్ ఇద్దరూ రాశారు. చివరికి సమరయుల్ని ఊచకోత కోశాడన్న ఫిర్యాదు మీదే అతని పదవి పోయింది. అలాంటివాడు సువార్త మారేకొద్దీ మంచివాడవుతాడు. మార్కులో జనాన్ని సంతోషపెట్టాలని లొంగిపోతాడు. మత్తయిలో చేతులు కడుక్కుంటాడు, అతని భార్య కల కంటుంది, జనం ‘వాని రక్తము మా మీదను మా పిల్లల మీదను ఉండుగాక’ అంటారు. లూకాలో మూడుసార్లు నిర్దోషి అని ప్రకటిస్తాడు. ఇథియోపియా సంఘంలో చివరికి పునీతుడే అయ్యాడు. రోమా సామ్రాజ్యంలో బతకాల్సిన ఒక చిన్న సంఘం, తమ ప్రభువును రోమా చంపిందని గట్టిగా చెప్పలేక, నిందను కొంచెం కొంచెంగా పక్కకు జరిపింది. ఆ సంఘానికి బలం లేనప్పుడు అది భయం. సంఘం చేతికి రాజ్యం వచ్చాక ‘వాని రక్తము’ అన్న అదే వాక్యం యూదుల వీధుల మీద పడింది.

‘తండ్రీ, వీరిని క్షమించుము’ అన్న మొదటి మాట కూడా లూకా సువార్త పాత ప్రతులు కొన్నిటిలో లేదు. వాటికన్ ప్రతిలో లేదు. యూదులకు క్షమాపణ దొరకడం ఇష్టంలేని లేఖకులెవరో తీసేశారని కొందరు పండితుల అనుమానం. 1939లో జర్మనీలోని ఐసెనాఖ్‌లో, సంఘ జీవితం నుంచి యూదు ప్రభావాన్ని తుడిచివేయడానికి ఒక సంస్థే పెట్టారు. దాన్ని నడిపిన వాల్టర్ గ్రుండ్మన్ కొత్త నిబంధన ప్రొఫెసర్. యేసు యూదుడు కాదని వాదించి పుస్తకం రాశాడు. అంత చదువుకుని! ఆ రోజుల్లోనే హంగరీలో గేజా వెర్మెష్ అనే కుర్రవాడు తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్నాడు. పుట్టుకతో యూదులైన ఆ కుటుంబం బాప్తిస్మం తీసుకుంది, అయినా నాజీల చేతిలో తప్పించుకోలేకపోయింది. ఆయన కాథలిక్ ఫాదర్ అయి, తర్వాత బయటికొచ్చి, ఆక్స్‌ఫర్డ్‌లో మృత సముద్రపు చుట్టలు అనే ప్రాచీన యూదు రాతప్రతులు చదివి, 1973లో ఒక పుస్తకం రాశాడు. యేసు గలిలయ యూదుడు, ఆయన్ని ఆ కాలపు గలిలయ భక్తుల మధ్య నిలబెట్టి చూడండి అని. ఇప్పుడు ఇది అందరూ ఒప్పుకునే మాట. ఇది ఒప్పుకోవడానికి మనిషి జాతి ఎంత దూరం నడవాల్సి వచ్చిందో తలుచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది. చరిత్ర చదవడం విశ్వాసానికి హాని అనేవాళ్ళకు నేను ఐసెనాఖ్ గుర్తుచేస్తాను.

నేను నమ్ముకున్న ఈ పద్ధతికీ హద్దులున్నాయి. ఇబ్బందికరమైన ప్రతి మాటా నిజమని చెప్పేయలేం. నాలుగో మాట సంగతే చూడండి. మార్కు సిలువ కథ నిండా 22వ కీర్తన పరుచుకుని ఉంది. బట్టలు పంచుకోవడం, దారినపోయేవాళ్ళు తలలు ఆడించడం, అన్నీ అందులోవే. శిష్యులు అప్పటికే పారిపోయారు, స్త్రీలు దూరం నుంచి చూస్తున్నారు. కాబట్టి ఆ కేకను మార్కే కీర్తనలో నుంచి తీసి యేసు నోట పెట్టి ఉండొచ్చు. అలా అనే పండితులు చాలామందే ఉన్నారు, వాళ్ళ వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. మరోవైపు, గ్రీకు చదువరుల కోసం రాస్తూ మార్కు అక్కడక్కడ అరమాయిక్ మాటలు అలాగే వదిలాడు. చనిపోయిన పాపతో ‘తలీతా కుమీ’, చెవిటివాడితో ‘ఎప్ఫతా’, సిలువ మీద ‘ఎలోయీ, ఎలోయీ’. తల్లి భాషలో చెవిన పడి నిలిచిపోయిన శబ్దాల్లా ఉంటాయవి. ఆ కేక యేసుదేనని నేను అనుకుంటాను. రుజువు చేయలేను.

ఆ మాట తర్వాతివాళ్ళకు ముల్లులా గుచ్చుకుందన్నది మాత్రం ఖాయం. లూకా తీసేశాడు. బేజా ప్రతి అనే ఒక పాత రాతప్రతిలో ‘నన్నెందుకు నిందించావు’ అని మారింది. పేతురు పేరు మీద వచ్చిన రెండో శతాబ్దపు సువార్తలో ‘నా శక్తీ, నా శక్తీ, నన్ను విడిచావు’ అయింది. దేవుడు విడిచాడు అని రాయడానికి చేతులు రాలేదు.

పునరుత్థానం గురించి అడుగుతారు. చరిత్రకు అందేది ఇంతే: కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదిహేనో అధ్యాయంలో పౌలు, తనకు అందినదాన్నే అప్పగిస్తున్నానని చెప్పి, ఆయన ఎవరెవరికి కనబడ్డాడో వరుస చెబుతాడు. కేఫా, పన్నెండుమంది, అయిదువందల మందికి పైగా, యాకోబు, చివరికి తను. ఇది అతి పాత మాట. వాళ్ళు చూశామని నమ్మారు, ఆ నమ్మకం మీద బతికారు, కొందరు చనిపోయారు. చూసింది ఏమిటో చరిత్ర చెప్పలేదు. అది నేను ఆదివారం ఆరాధనలో చెప్పుకునే మాట, వ్యాసంలో వాదించే మాట కాదు. మార్కు సువార్త మన పాత ప్రతులు రెండింటిలో, సీనాయి ప్రతిలోనూ వాటికన్ ప్రతిలోనూ, స్త్రీలు ఖాళీ సమాధి దగ్గర నుంచి వణుకుతూ పారిపోవడంతో ఆగిపోతుంది. భయపడ్డారు కాబట్టి ఎవరితో ఏమీ చెప్పలేదు. ఆ తర్వాతి పన్నెండు వచనాలు వాటిలో లేవు. ఆ ఆగిపోవడాన్ని భరించలేక వేరేవాళ్ళు తర్వాత చేర్చారు.

నాయనమ్మ పోయి పదకొండేళ్ళయింది. మొన్న గుడ్ ఫ్రైడేకి నేనిప్పుడు వెళ్ళే సంఘంలో నాలుగో మాట మళ్ళీ నాకే వచ్చింది. ఈసారి నేను వ్యాఖ్యానం చెప్పలేదు. మార్కు పదిహేనో అధ్యాయం మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఆయన అరిచినప్పుడు దగ్గర నిలబడినవాళ్ళు సరిగ్గా వినక, ఏలీయాను పిలుస్తున్నాడు అనుకున్న చోట కొంచెం ఆగాను. ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన వచ్చి, “బాబూ, మిగతా మాటలు వదిలేశావేం?” అని అడిగారు. “మార్కులో లేవండీ” అన్నాను. ఆయన నమ్మలేదు. బెంచీ మీద ఆయన పక్కన కూర్చుని, ఆయన బైబిల్లోనే వేలు పెట్టి మార్కు, లూకా, యోహాను ఒక్కోటీ తీసి చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, మార్కు పేజీ మళ్ళీ వెనక్కి తిప్పి, పెదవులు కదుపుతూ మొదట్నుంచీ చదువుకోవడం మొదలుపెట్టారు.